ఆమినాబీ గారు పందొమ్మిదిసార్లు దిద్దిన దరఖాస్తు

1996వ సంవత్సరం నవంబరు 18వ తేదీ సోమవారం ఉదయం, పామర్రుకు ఆరు కిలోమీటర్ల దూరంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో, విజయవాడ గవర్నర్‌పేట నుంచి రెండు బస్సులు మారి వచ్చిన షేక్ ఆమినాబీ గారు ఉపాధ్యాయినిగా విధుల్లో చేరారు. ఇరవై తొమ్మిది సంవత్సరాల నిష్కళంక సేవానంతరం, ఈ నెలాఖరున, మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఆంగ్లోపాధ్యాయినిగా వారు పదవీ విరమణ చేస్తున్నారు.

ఇటువంటి వ్యాసాలలో బాధాతప్త హృదయంతో వీడ్కోలు పలకడం ఆనవాయితీ. నాకూ బాధ ఉన్నమాట నిజమే గాని, ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నప్పుడు అంతకంటె ఎక్కువగా కలిగినది ఊరట. మేడం గారి ఎర్ర పెన్ను కూడా వారితోపాటే విరమిస్తుందని స్టాఫ్‌రూములో కొందరు పడుతున్న ఊరట వేరు, నాది వేరు. నాది ఏమిటో చెప్పుకోవడానికే సావనీరు కమిటీ వారిని బతిమాలి ఈ రెండు పేజీలు అడిగి తీసుకున్నాను.

తొలి తొమ్మిదేళ్లు వారు ప్రాథమిక పాఠశాలలోనే గడిపారు. ఆ కాలంలోనే దూరవిద్య ద్వారా ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ. పూర్తిచేసి, 2005లో పదోన్నతిపై మా బడికి విచ్చేశారు. అప్పటిదాకా మా పిల్లలకు టెన్సులంటే గోడకు వేలాడే పన్నెండు గళ్ల పటం. ఏ గడిలో ఏముందో నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవారు. దాహం వేస్తోందని మాత్రం ఇంగ్లిష్‌లో చెప్పలేకపోయేవారు. మేడం గారు వచ్చిన వారానికే ఆ పటాన్ని దింపి బీరువా వెనక పెట్టించారు. ఇకపై ఎవరు ఏ వాక్యం చెప్పినా తమ సంగతే చెప్పాలని, అది నిజమై ఉండాలని నియమం పెట్టారు. రాముడు మామిడిపండు తింటున్నాడని ఎవరైనా గైడులోని వాక్యం వల్లిస్తే, ఏ రాముడు, ఎక్కడ తింటున్నాడు, పద చూద్దామని బయల్దేరేవారు. నిన్న మా గేదె ఈనింది, మా నాన్న ఇప్పుడు నారు పీకుతున్నాడు, రేపు మా అక్క కాలేజీలో చేరుతుంది, ఇలా సాగేవి ఆ తరగతులు. జరిగిపోయినదానికీ, జరుగుతున్నదానికీ, జరగబోయేదానికీ ఉన్న తేడా పిల్లలకు తమ ఇంటి గుమ్మంలోనే దొరికింది. ఎవరింట్లో ఏం జరిగిందో మండలంలో అందరికంటె ముందు మేడం గారికే తెలిసేదని మేము ఆటపట్టించేవాళ్లం.

ఇంగ్లిష్‌లో రాసిన ఏ కాగితమైనా వారు చూడకుండా మా బడి దాటకూడదన్నది క్రమంగా ఆచారమైంది. సెలవు చీటీ అయినా, పై ఆఫీసుకు వెళ్లే నివేదిక అయినా, ముందు ఆ ఎర్ర పెన్ను కిందకు రావలసిందే. ఈ ఆచారమే నన్ను కాపాడింది.

మూడేళ్ల క్రితం మా ఎనిమిదో తరగతి పూర్తిగా ఇంగ్లిష్ మీడియం అయింది. సాంఘికశాస్త్రం చెప్పే నేను అప్పటికి ఇరవై నాలుగేళ్లుగా తెలుగులో గుక్క తిప్పుకోకుండా పాఠం చెప్పినవాణ్ణి. జూలై మొదటి వారంలో కృష్ణా డెల్టా కాలువల పాఠం ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి రెండో వాక్యం దగ్గరే ఆగిపోయాను. చెప్పవలసింది తలలో ఉంది, నోటికి రాలేదు. నలభై మంది పిల్లలు నా ముఖంలోకి చూస్తూ కూర్చున్నారు, ఒక్కరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కోప్పడి గట్టెక్కేవాణ్ణి. ఆ మర్నాడే, ఆగస్టులో తనిఖీ బృందం వస్తుందని, వెనక బెంచీలో కూర్చుని ప్రతి ఉపాధ్యాయుడి పాఠమూ వింటుందని ప్రధానోపాధ్యాయులు జయపాల్ గారు ప్రకటించారు.

ఇంకా ఏడేళ్ల సర్వీసు ఉండగానే స్వచ్ఛందంగా విరమించాలని ఆ పూటే నిశ్చయించుకున్నాను. పిల్లల ఎదుట మరోసారి నోరు పెగలక నిలబడేకంటె గౌరవంగా తప్పుకోవడమే మేలనిపించింది. బడి తప్ప మరో పని తెలియని మనిషికి అది ఎంత కష్టమో నేను చెప్పనక్కర్లేదు. ఇంట్లో మా ఆవిడ సీతమ్మకు కూడా చెప్పకుండా అర పేజీ దరఖాస్తు ఇంగ్లిష్‌లో రాసి, ఆచారం ప్రకారం ఆమినాబీ గారి బల్ల మీద పెట్టాను. వారు రెండుసార్లు చదివారు. ఎందుకు వెళ్తున్నారని అడుగుతారేమోనని సమాధానం సిద్ధం చేసుకుని నిలబడ్డాను. వారు అది అడగలేదు.

"తప్పులు చాలా ఉన్నాయండీ వెంకటప్పయ్య గారూ. ఇలా పంపితే బడి పరువు పోతుంది. రేపు తిరగరాసి తీసుకురండి" అన్నారు.

మర్నాడు తిరగరాసి తెచ్చాను, మళ్లీ ఎర్ర సున్నాలు. ఆ మర్నాడూ అంతే. భోజనాల వేళ ఇరవై నిమిషాలు ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒక్క తెలుగు మాట రానివ్వకుండా, నా చేత వాక్యాలు చెప్పించి అప్పుడు రాయించేవారు. ఏనాడు చేరారో రాశారు గాని చేరి ఏం చేశారో రాయలేదేమని ఒకరోజు అడిగారు. అందుకని ఒక పేరా పెరిగింది. పిల్లల్ని ఉండవల్లి గుహలకు తీసుకెళ్లాను, నాలుగు ఎన్నికల్లో డ్యూటీ చేశాను. ఇవన్నీ ముగిసిపోయిన పనులు, ఇంగ్లిష్‌లో వీటి క్రియారూపం ఒకటి. ఇరవై నాలుగేళ్లుగా పాఠం చెబుతున్నాను. ఇది అప్పుడు మొదలై ఇంకా ముగియనిది, దీని రూపం వేరు అని వివరించారు. పాఠం చెబుతున్నాననే ఆ వాక్యాన్ని నా చేత మూడుసార్లు పైకి చెప్పించారు. మూడోసారి చెబుతూ కాగితం తిరగేసి బల్ల మీద పెట్టేశాను. వారు అది గమనించనట్టే కిటికీలోంచి బయటకు చూశారు.

అర పేజీ దరఖాస్తు మూడు పేజీలైంది. పదిహేడోసారి దిద్దినప్పుడు, విరమించాక ఏం చేస్తారో చివర ఒక పేరా రాయమన్నారు. దరఖాస్తులో అటువంటిది అవసరం లేదని నేను వాదించాను. అవసరం ఉందో లేదో ఆఫీసువాళ్లు చూసుకుంటారు, మీరు మాత్రం నిజం రాయండి అన్నారు. ఆ సాయంత్రమంతా కూర్చున్నా ఒక్క వాక్యం కుదరలేదు. నెల రోజులుగా ఇంట్లో ఇంగ్లిష్‌లో గొణుక్కుంటున్న నన్ను అనుమానంగా చూస్తున్న సీతమ్మ ఆ కాగితం అందుకుని, ఇదేమిటని నిలదీసింది. దాచలేక అంతా చెప్పాను.

"పొద్దున్నే లేచి ఎక్కడికెళ్తారో రాసుకోలేనివాళ్లు బడి ఎందుకు మానటం అండీ?" అంది.

పందొమ్మిదోసారి దిద్దిన కాగితం జేబులో ఉండగానే తనిఖీ బృందం వచ్చింది. నా తరగతిలో ఆ రోజు పాఠం మళ్లీ ఆ కాలువలదే. నెమ్మదిగా మొదలుపెట్టాను. నది ఏం చేస్తుందో, ఆనకట్ట ఎప్పుడు కట్టారో, నీరు ఇప్పుడు ఎక్కడి దాకా వెళ్తోందో, ఒకదాని వెంట ఒకటి మాటలు వచ్చాయి. మధ్యలో అక్షయ అనే అమ్మాయి లేచి, శివారు భూములకు నీరు అందకపోతే అక్కడి వాళ్లు ఏం చేస్తారని అడిగింది. నేను కంఠస్థం చేసిన వాటిలో ఆ ప్రశ్న లేదు. అయినా నాలుగు వాక్యాల్లో జవాబు చెప్పాను. అందులో ఒకటి తప్పేనని ఇప్పటికీ నా అనుమానం, కానీ ఆ పిల్ల అర్థమైందని కూర్చుంది. సంతృప్తికరమని రిజిస్టరులో రాసి వాళ్లు వెళ్లిపోయారు. భుజం మీంచి ధాన్యం బస్తా దించినట్టయి, వరండాలోనే కాసేపు నిలబడి ఊపిరి తీసుకున్నాను.

స్టాఫ్‌రూములోకి వెళ్లేసరికి మేడం గారు పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నారు. తలెత్తకుండానే ఫెయిర్ కాపీ తెచ్చారా అని అడిగారు.

"తేలేదండీ. ఇక తేను" అన్నాను.

సరేనని తల ఊపి, కళ్లజోడు తీసి మంగళగిరి చీర కొంగుతో చాలాసేపు తుడుచుకున్నారు. ఆ విషయం మేమిద్దరం మళ్లీ ఎన్నడూ ఎత్తుకోలేదు.

పోయిన ఆదివారం, ఈ వ్యాసానికి తేదీలు కనుక్కోవడానికి వారింటికి వెళ్లినప్పుడు, నా మొదటి దరఖాస్తులో అసలు ఎన్ని తప్పులున్నాయని ధైర్యం చేసి అడిగాను.

"రెండేనండీ. మిగతా సున్నాలన్నీ నేను కావాలని చుట్టినవే. మీరెళ్లిపోతారని భయమేసింది" అన్నారు.

పిల్లల చేత నిజం తప్ప మరో వాక్యం పలికించని మనిషి, నాకోసం నెల రోజులు వరసగా అబద్ధం ఆడారు. నేను తేరుకునేలోపు వారి శ్రీవారు కాశిం గారు మిగిలినది చెప్పారు. ఆ నెలంతా మేడం గారు సాయంత్రం బస్సు దిగి ఇంటికి రాగానే, చెప్పులు విడుస్తూనే, ఇవాళ్టికి ఆపాను అని ఒక్క మాట అనేవారట. ఎవరిని, దేన్ని అని ఆయన అడిగితే చెప్పేవారు కారట.

వారు ఆపి ఉండకపోతే, ఈ మూడేళ్లలో కొత్తగా బడిలో చేరి నా ఎదుట కూర్చున్న పిల్లల్లో ఒక్కరి పేరూ నాకు తెలిసేది కాదు. ఇంకా నాలుగేళ్లు నేను ఈ బడికి వస్తాను. ఈ వాక్యం రాయగలగడమే నా ఊరట. దీనికి కృతజ్ఞత చెప్పడానికి నాకు తెలుగులోనూ మాటలు చాలడం లేదు.

వారి విరమణ పత్రాలు, వారే స్వయంగా ఇంగ్లిష్‌లో రాసుకున్నవి, మొన్న నా చేతి మీదుగానే ఆఫీసుకు వెళ్లాయి. ఒక్క తప్పయినా దొరికితే వెనక్కి ఇద్దామని ఎర్ర పెన్ను పట్టుకుని రెండుసార్లు చదివాను. దొరకలేదు. వేరే దారి లేక వారిని వెళ్లనిస్తున్నాం. మోకాళ్ల నొప్పి తగ్గి, కంటిచూపు చెదరక, కాశిం గారి తోడులో, మనుమల అల్లరి మధ్య, ఆమినాబీ గారు నిండు నూరేళ్లూ హాయిగా ఉండాలని, ఇన్నాళ్లూ తొలి బస్సు కోసం పరుగెత్తిన వారు ఇకనైనా తెల్లవారాక తీరిగ్గా నిద్ర లేవాలని మనసారా కోరుకుంటున్నాను.

— వెంకటప్పయ్య, సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు