లోకాన్ని ఆగమన్న ఫిట్టరు

రేణువుల్ని ఎదురెదురుగా పరుగెత్తించి ఢీకొట్టించే ప్రయోగశాల క్యాంటీన్‌లో ఫిట్టరు ఒకచోట కూర్చోలేక టీ గ్లాసుతో అటూ ఇటూ తిరుగుతున్నాడు. వెల్డింగ్ చేసే అతని బావమరిది గడియారం వంక చూస్తూ గోళ్లు కొరుక్కుంటున్నాడు.

"బావా, మూడింటికి పెద్దసారు రమ్మన్నాడు. ఉద్యోగం ఊడేట్టుంది. పొద్దుటి నుంచి మిషన్ ఆగిందిగా, అది నా వల్లేనని..."

"ఉండరా బాబూ, ఎప్పుడూ నీ ఏడుపేనా! పొద్దున్న నేనేం చేశానో తెలుసా? పానా మర్చిపోయానని సొరంగంలోకి వెళ్లా. అయిదు నిమిషాల పని. తీరా చూస్తే గొట్టానికి ఒక నట్టు వదులైంది. ఆ సందులో కన్ను పెట్టా. అటునుంచి ఒక సీసం రేణువు, ఇటునుంచి ఒకటి, ఆ వేగానికి రెండూ నలిగి బిళ్లల్లా అయిపోయి ఎదురెదురుగా దూసుకొస్తున్నాయి!"

"అవి కంటికి కనిపించవు బాబాయ్," అంది పక్క బల్ల దగ్గరున్న కంట్రోల్ రూమ్ అమ్మాయి.

"మీ కంటికి, అమ్మా! నాది ముప్పై ఏళ్లు మరలు చూసిన కన్ను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుద్దుకుని ఆగుతాయనుకున్నా. ఎక్కడ! ఒకదాంట్లోంచి ఒకటి దూరి చక్కా పోయాయి. పోతూ పోతూ నడుమ జిగురు దారాలు సాగదీశాయి. రెప్పపాటులో కోటికోటో వంతు కూడా నిలవవవి. అవి కరిగి వేడివేడి సూపులాంటి ముద్దగా మారడానికి ఎంతసేపు పడుతుందా అని మీ పెద్ద చదువులవాళ్లు జుట్లు పట్టుకుంటున్నారే, నేను తాపీగా దారాలు లెక్కపెట్టా. మూడొందల పన్నెండు. ఒకటి తెగబోతుంటే ముడి కూడా వేశా."

"బావా, రెండున్నరయింది, నా మాట కాస్త..."

"అడ్డు రాకు! దారాలన్నీ కరిగి సూపయింది. సూర్యుడి కడుపులో కన్నా లక్ష రెట్లు వేడి. పానాతో కలిపి, ఊదుకుని, నాలిక మీద వేసుకున్నా. ఉప్పు తక్కువ. అంతలో అందులోంచి కొత్త లోకం ఒకటి పుట్టబోయింది, నక్షత్రాలతో సహా! 'ఆగు, టీ తాగొస్తా' అన్నా. ఆగింది. మిషన్ ఆగిందని ఏడుస్తున్నావే, దాన్ని ఆపిందెవరనుకున్నావురా? నేను!"

"నిజమే బాబాయ్," అంది అమ్మాయి. "ఆపింది మీరే."

ఫిట్టరు ఛాతీ ఉబ్బింది.

"సొరంగంలోకి వెళ్లేవాళ్లు బోర్డు మీది తాళంచెవి ఒకటి వెంట తీసుకెళ్లాలి కదా. లోపల మనిషి ఉన్నాడేమోనని, అన్నీ తిరిగి తగిలిస్తే గానీ మిషన్ కదలదు. పొద్దుటి నుంచి ఏడో చెవి కనపడలేదు. తాళాల పుస్తకంలో ఆఖరి సంతకం మీ బావమరిదిది, చెవి పోగొట్టాడని ఈయన మీద పడ్డారు. మీరు సంతకం పెట్టకుండా తీసుకెళ్లారా? అది తీసిన క్షణం నుంచి ఆ గొట్టంలో ఒక్క రేణువు కూడా కదల్లేదు బాబాయ్."

ఫిట్టరు చెయ్యి జేబులోకి పోయింది. తాళంచెవి తగిలి అక్కడే ఉండిపోయింది.

"అయిదు నిమిషాలే కదా అని..."

బావమరిది లేచాడు.

"ఇందాకట్నుంచి మొత్తుకుంటున్నా, ఒక్క ముక్క విన్నావా? పద బావా. పెద్దసారు ముందు కూడా ఇలాగే నోరు విప్పు."