బతికున్నవాళ్ళ వైపు కొవ్వొత్తి

పరాయి దేశపు కాలిష్ ఊరి శివారున, దేశం పోగొట్టుకుని వచ్చిన ఉక్రెయిన్ సైనికుల పాత బారకుల్లో ఒకదాన్నే చర్చి చేసుకున్నారు. ఆ శనివారం పొద్దున అందులో మోత్ర్యా, ఆమె కోడలు ఒరీనా ఇద్దరే ఉన్నారు.

“కొవ్వొత్తి మళ్ళీ అక్కడే పెడుతున్నారా, అత్తమ్మా?”

“ఎక్కడ పెట్టమంటావు? బతికున్నవాళ్ళకి దేవమాత పటం ముందు. పోయినవాళ్ళకి ఆ శిలువ బల్ల మీద. నా కొడుక్కి ఇక్కడే.”

“యుద్ధంలో తప్పిపోయి పదేళ్ళు దాటింది.”

“అయితే?”

“అయితే ఏముంది... ఏం లేదు.”

“ఏం లేదంటే ఏదో ఉన్నట్టే. నిన్న ఆ దనీలోగాడు వచ్చాడా?”

“కప్పు కారుతోందని... మేకులు కొట్టడానికి వచ్చాడు.”

“ఎన్ని మేకులు కొడతాడే! కప్పు కంటే మేకులే ఎక్కువయ్యాయి.”

“అత్తమ్మా!”

“ప్రార్థనలో నీ వెనకే నిలబడి అంత గొంతేసుకుని పాడుతుంటే, నాకేమన్నా చెవుడా? పెళ్ళి చేసుకుందామన్నాడా, లేదా?”

“అన్నాడు. ఫాదర్‌గారే ఒప్పుకోవడం లేదు. మా ఆయన తిమిష్ పోయాడని తల్లి నోటితో చెప్పి, తల్లి చేత్తో చావు గోధుమలు ఉడికించి తెస్తేనే అంత్యక్రియల ప్రార్థన చదువుతారట. అదయ్యాకే నాకు ఇంకో పెళ్ళి.”

“లేకపోతే?”

“లేకపోతే ఏముంది, ఇలాగే. దనీలో ఫ్రాన్సు గనులకి వెళ్ళిపోతున్నాడు. నేను వెళ్ళనులెండి. మీరు బతికున్నాడంటే బతికున్నట్టే. నేనేం అడగను.”

“అడిగేశావుగా.”

“తప్పయిపోయింది. పొచాయివ్ తీర్థానికి వెళ్ళొచ్చినప్పట్నుంచి మీరు సరిగా తినడం లేదు. నా వల్లేనా?”

“నీ వల్ల కాదే పిచ్చిదానా. ఆ సంచి ఇలా తియ్యి.”

“బరువుగా ఉందే... గిన్నె... అత్తమ్మా, ఇవి గోధుమలు!”

“తేనె సరిపోయిందో లేదో చూడు. వాడికి తీపెక్కువ ఉండాలి.”

“ఎప్పుడు ఉడికించారు?”

“నువ్వు నీళ్ళకి వెళ్ళినప్పుడు.”

“మరి కొవ్వొత్తి అక్కడెందుకు...”

“ఇదే ఆఖరు. పెట్టుకోనీ.”

“పొచాయివ్‌లో ఎవరైనా చెప్పారా? ఎలా పోయాడు? ఎక్కడ?”

“పోయాడు. అంతే. ఇంకేం అడక్కు, నా తల్లీ. కళ్ళు తుడుచుకుని ఫాదర్‌గారిని పిలుచుకురా. ఆ దనీలోగాణ్ణి కూడా. పాడేవాళ్ళు ఉండాలి కదా.”

“మీరొక్కరే ఎలా ఉంటారు...”

“వెళ్ళవే. తల్లీకొడుకులం కాసేపు మాట్లాడుకుంటాం.”

ఒరీనా వెళ్ళింది. మోత్ర్యా వెలుగుతున్న కొవ్వొత్తితోనే మాట్లాడింది.

“విన్నావుగా, తిమిష్. దానికి చెప్పలేదురా. చెబితే, మొగుడు బతికుండగా ఇంకో పెళ్ళేమిటని జన్మంతా ఇలాగే ఉండిపోతుంది. బతికున్న కొడుక్కి చావు గోధుమలు ఉడికించాను. ఆ పాపం నా ఒక్కదానికే రాయమని దేవుణ్ణి అడుక్కున్నాను. పొచాయివ్ మఠం గుమ్మంలో నీ చెయ్యి పట్టుకుంటే, ‘ఎవరమ్మా మీరు?’ అన్నావు. పక్కన నీ కొత్త పెళ్ళాం ఉందాయె, అనక ఏం చేస్తావులే. నీ భుజం మీద కూర్చున్న బుడ్డోడు మాత్రం నన్ను చూసి నవ్వాడు. ఇదిగో, నిన్ను ఆర్పేస్తున్నా, నాయనా. ఈ చోట వాడికి వెలిగించాలి. వాడి పేరేమిట్రా?”