గీత లేని పెట్టె

నా పేరు కల్పన. వయసు ముప్పై నాలుగు. భర్త పేరు ఓబిలేష్. కాపురం అనంతపురంలోనే. ఇక్కడి ఒక ప్రైవేటు కిడ్నీ ఆసుపత్రిలో డేటాబేస్ చూసుకునే ఉద్యోగం చేస్తున్నాను. నా మీద ఎవరి ఒత్తిడైనా ఉందా అని మేజిస్ట్రేటు గారు అడిగారు. ఉందనే చెప్పాను. అది ఈ సంగతి చెప్పమని కాదు, చెప్పొద్దని.

మా ఆసుపత్రి యజమాని బదరీనారాయణ గారు. వ్యవహారాలన్నీ చూసేది ఆయన మేనల్లుడు ముఖేష్ గారు. కంప్యూటర్ విభాగంలో నాతో పాటు అజ్మతుల్లా అనే అతను పనిచేసేవాడు. ఈ కేసులో ఇప్పుడు జైల్లో ఉన్నది అతనే.

ఆసుపత్రికి కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టాలనుకున్నారు. దాన్ని తయారుచేసే కంపెనీవాళ్ళు ముందుగా మా పాత డేటాబేస్ పటం అడిగారు. అంటే అందులో ఏయే పట్టికలున్నాయి, ఏది దేనితో ముడిపడి ఉంది అని చూపే బొమ్మ. పట్టికకొక పెట్టె, ముడికొక గీత. ఉన్న డేటాబేస్‌ను చదివి ఆ బొమ్మను వాటంతటవే గీసే టూల్స్ దొరుకుతాయి. ఏది తీసుకోవాలో చూడమని మా ఇద్దరికీ చెప్పారు.

మూడు చూశాం. మొదటిదానికి ఇంటర్నెట్‌లో మా డేటాబేస్ పాస్‌వర్డ్ ఇవ్వాలి. రోగుల వివరాలు బయటివాళ్ళ చేతిలో పెట్టలేం కాబట్టి వదిలేశాం. రెండోది మా కంప్యూటర్‌లోనే నడుస్తుంది, బొమ్మ రంగులతో చూడముచ్చటగా వస్తుంది. కానీ డేటాబేస్ లోపల వేసిన ముడులకు మాత్రమే గీతలు గీస్తుంది. పైగా బొమ్మలో పెట్టె తీసేస్తే, అసలు పట్టికను కూడా తీసేయాలా అని అడుగుతుంది. మూడోదాని బొమ్మ నల్లగా, మొద్దుగా ఉంటుంది. అయితే అది చదవడమే తప్ప దేన్నీ ముట్టుకోదు. ముడి లేనిచోట పేర్ల పోలిక చూసి చుక్కల గీత వేస్తుంది, మిగతా గీతలు మనం కలుపుకోవచ్చు. నేను మూడోదే కావాలన్నాను.

దానికి కారణం ఉంది. కంబదూరులో మాకున్న క్లినిక్ మూసేసి, దాని రోగుల వివరాలు ఇక్కడికి ఎక్కించినప్పుడు, ముడులు అడ్డుపడి డేటా ఎక్కలేదు. నాకన్నా ముందున్నవాళ్ళు ముడులు విప్పేసి ఎక్కించారు. తర్వాత వేస్తామన్నారు, వేయలేదు. పని నడుస్తూనే ఉంది గనక ఎవరూ అడగలేదు. ఏది దేనికి సంబంధించిందో ఆసుపత్రిలో రోజూ వాడే ప్రోగ్రాంకు తెలుసు, డేటాబేస్‌కు తెలియదు. రెండో టూల్‌కు అసలే తెలియదు. ఈ మాట ముఖేష్ గారికి చెప్పి, రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన రంగుల బొమ్మ చేతిలోకి తీసుకుని, "కంపెనీవోళ్ళ ముందర ఆ నల్ల బొమ్మ పెడితే మన మర్యాద ఏముంటాది? ఇదే ఖాయం" అన్నారు.

పోయిన నెల పన్నెండో తేదీ ఉదయం సర్వర్ గదిలో ముగ్గురం ఉన్నాం. నేను, అజ్మతుల్లా, ముఖేష్ గారు. బొమ్మ ఒక కాగితంలో పట్టడం లేదు. అంచున మూడు పెట్టెలు గీత లేకుండా ఒంటిగా ఉన్నాయి.

"గీత లేనిదాన్ని ఎవురు వాడతాండారు? తీసేయప్పా" అన్నారు ముఖేష్ గారు.

"సార్, బొమ్మలో గీత లేదంతే, ప్రోగ్రాం వాడతా ఉండొచ్చు. నకలు తీసి దాని మీద చేస్తాం. మధ్యాహ్నం దాకా టైమియ్యండి" అన్నాను.

"నువ్వు ప్రతిదానికీ అడ్డం పడతావు కల్పనా. కంపెనీవోళ్ళు గేటు కాడికొచ్చినారు."

అజ్మతుల్లా తెర చూపించి, "సార్, అసలుదాన్ని గూడా తీసేయాల్నా అని అడుగుతాండాది" అన్నాడు.

"అడగనీ. తీసేయ్."

అజ్మతుల్లా నా వైపు చూశాడు. వద్దని తల ఊపాను. ముఖేష్ గారు అతని భుజం మీద చెయ్యి వేసి, "నీకు జీతమిచ్చేది ఆయమ్మా, నేనా?" అన్నారు. అజ్మతుల్లా మళ్ళీ నా వైపు చూశాడు. తర్వాత నొక్కాడు.

ఆ మూడింటిలో ఒకదాని పేరు పి.ఏ.టూ. ఏ రోగికి ఏ మందు పడదో ఉండే పట్టిక అది. పేరు కంబదూరు డేటాతో వచ్చింది, చూస్తే ఏమీ అర్థం కాదు. ఆ నిమిషంలో నాకూ తెలియలేదు. రోగి పేరు కొట్టగానే ప్రోగ్రాం ఆ పట్టిక చూసి తెర మీద ఎర్ర పట్టీ చూపిస్తుంది. పట్టికే లేకపోతే ప్రోగ్రాం ఆగదు, ఎర్ర పట్టీ రాదు, అంతే. ఎరుపు రాలేదంటే మందు పడుతుందని మా నర్సులకు నేర్పాం. వాళ్ళు అదే నమ్ముతారు.

ఆ సాయంత్రం రాప్తాడు నుంచి డయాలసిస్‌కు వచ్చిన అమీర్ బీకి చలిజ్వరం వస్తే డాక్టరు ఇంజెక్షన్ రాశారు. నర్సు జ్యోతి తెర చూసింది. ఎరుపు లేదు. ఇంజెక్షన్ ఇచ్చింది. కాసేపటికే అమీర్ బీ గొంతు వాచి ఊపిరి అందలేదు. ఈ రోజుకీ ఐసీయూలో మిషన్ మీదే ఉంది. బ్యాకప్ నుంచి ఆ పట్టికను తిరిగి తెచ్చింది నేనే. తెచ్చాక అమీర్ బీ పేరు కొట్టాను. ఎర్రగా వచ్చింది.

ఐసీయూ బయట ఆమె భర్త పీరాసాబ్ నన్ను ఆపాడు. "అమ్మా, మా ఆడమనిషి పేరు కొడితే ఎప్పుడూ ఎర్రగా వస్తాది. నీది ఎర్రజెండా పేరు బీబీ అని పొద్దుటి డ్యూటీ నర్సమ్మ నవ్వుతా ఉండె. ఆ పొద్దు యాల రాలేదు?" అని అడిగాడు. అతన్ని దాటుకుని వచ్చేశాను. నాకు సిగ్గేసింది.

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు. అజ్మతుల్లా తనంతట తానే చెరిపాడని, లాగిన్ అతనిదేనని ఆసుపత్రివాళ్ళు ఫిర్యాదు ఇచ్చారు. మాతో మాత్రం టూల్‌ది తప్పంటున్నారు. ఆడలేక మద్దెల ఓడు. టూల్ తెర మీద అడిగింది, అజ్మతుల్లా నోటితో అడిగాడు. ఇద్దరికీ ఒకటే జవాబు వచ్చింది.

బదరీనారాయణ గారు నన్ను పిలిపించి మెల్లగానే మాట్లాడారు. "అబద్ధం చెప్పమనలేదమ్మా. ఆ టయానికి గదిలో లేనని చెప్పు, సాలు. నీ కొలువు నీకుంటాది" అన్నారు. గదిలో లేనని చెప్పడం అబద్ధం కాదట. ఈ రోజు కోర్టు మెట్లెక్కుతుంటే ముఖేష్ గారి ఫోన్ వచ్చింది. తీయలేదు. నాకు భయంగా ఉంది. ఉద్యోగం పోతుందని తెలుసు.

పోలీసు స్టేషన్‌లో నా పేరున రాసిన కాగితంలో, పట్టిక తొలగించినప్పుడు నేను గదిలో లేనని ఉన్నట్టు మేజిస్ట్రేటు గారు చదివి వినిపించారు. ఆ మాట నేను చెప్పలేదు. అక్కడ నన్ను టూల్ పేరు అడిగారు, నా చదువు అడిగారు. గదిలో ఎవరెవరున్నారని అడగలేదు.

పైన ఉన్నదంతా టైపు చేసి నాకు చదివి వినిపించారు. ఒకచోట, ముఖేష్ గారు తీసేయమన్నట్టు నాకు గుర్తు అని పడింది. దాన్ని కొట్టించి, తీసేయమన్నారు అని వేయించాను. ఆ దిద్దుబాటు పక్కన ఒకటి, ఈ కింద ఒకటి, రెండు సంతకాలూ నావే. చెప్పింది నిజం. నేను గదిలో ఉన్నాను.

(సంతకం)
కల్పన