సబ్బుతో కడిగిన గొర్రెపిల్ల

"అవ్వా, పొద్దున నా బిడ్డకు రెండు దెబ్బలేసిన. కొట్టకపోతే మాట ఎట్ల ఇంటది?" అని అడిగినవు గదా కవితా. కూసో, చెప్త. కోపానికి రావద్దు మల్ల.

నేను బడి మొకం సూడలే. పొట్లాలు కట్టిన కాయితాలు కూడవెట్టుకుని సదువు నేర్చిన. పిల్లల పెంపకం మీద పుస్తకాలు గూడ శానే సదివిన. గని గీ సంగతి మా దొడ్లనే జరిగింది.

సర్కారు గొర్లు పంచిన యాడాది... కాదు కాదు, దాని మరుసటేడు. మా కోడలు సుజాత నీకెరికే గదా, మోత్కూరు పిల్ల. పనిల పులి. చెయ్యి మాత్రం దుడుకు, మాటకన్న ముందే లేసేది.

తొలిసూలు గొర్రె ఒకటి ఈనింది. తెల్లారి తల్లిని మందతోని మేతకు తోలి, పిల్లను ఇంటికాడ గంప కింద మూసినం. మాపటికి ఇడిస్తే, తల్లి వాసన సూసి తలకాయతోని ఒక్క కుమ్ము కుమ్మింది. మల్ల ఇడిస్తే మల్ల కుమ్మింది. నా కొడుకు దిష్టి తగిలిందన్నడు. సుజాతకేమో బిడ్డ మీద అనుమానం. మా మనుమరాలు మల్లిక, అప్పుడు ఆరేండ్లది, పొద్దంత ఆడనే ఆడుకున్నది.

"ఏం జేసినవే దానికి?" అని బరిగె అందుకున్నది.

"ఏం జెయ్యలే."

ఒకటేసింది. "జెయ్యలే." ఇంకోటేసింది. "జెయ్యలే."

సూడు, ఎన్ని దెబ్బలో అన్ని అబద్ధాలు. అటు గొర్రెపిల్ల కూలవడ్డది. నోరు సల్లగైతాంది. పొద్దట్నుంచి సుక్క పాలు లేవాయె.

బరిగె గుంజుకుని అవతల పారేసిన. "నువ్వు కొట్టేది నీ కోపం తీరనీకా, గొర్రెపిల్ల బతకనీకా?" అన్న.

"నీ కొడుకును నువ్వు కొట్టలేదా అత్తా?" అన్నది. అంటది మరి, దానికేం భయం!

"కొట్టిన. గందుకే నలభై ఏండ్లొచ్చినా వాడు నాకు ఒక్క ముచ్చట చెప్పడు. నీకు గూడ గదే కావాల్నా?" అన్న.

మల్లికను నేను ముద్దు జెయ్యలే. పక్కన కూసొని, "నిన్నెవ్వరు కొట్టరు. గొర్రెపిల్ల సచ్చేటట్టున్నది. ఏమైందో నీకే ఎరుక. చెప్తే బతికిచ్చుకుందం" అన్న. జరసేపు ముక్కు ఎగవీల్చింది. ఆనక మెల్లగ, "నీళ్ళు వోసిన అవ్వా. మురికిగున్నదని. వాసన సబ్బుతోని" అన్నది.

ఇగ ఏముంది! గొర్రెకు తన పిల్ల గుర్తు వాసననే. గా వాసన మొత్తం కడిగేసింది.

ఎంటనే తల్లిని పట్టుకుని దాని పాలే పిండి, పిల్ల ఒంటికి, తోక కింద పూసినం. నోట్ల నాలుగు సుక్కలు వోసినం. "చేసింది నువ్వు, దిద్దేది నువ్వే" అని మల్లికకు చెప్పిన. మూడు రోజులు, పొద్దుమాపు, నా కొడుకు తల్లిగొర్రెను పట్టుకుంటే అదే పాలు పూసి గొర్రెపిల్లను పొదుగుకు అందిచ్చింది. ఆటకు పోతనన్నది, పోనియ్యలే. ఏడ్చింది, ఏడ్వనిచ్చిన. దెబ్బ లేదంటే శిచ్చ లేదని ఎవడన్నడు? మూడోనాడు మాపటికి తల్లి కుమ్మలే. వాసన సూసి ఊకున్నది.

సుజాత ఒక్కనాడే మారిందనుకునేవు, మారలే. వారానికి మల్ల చెయ్యి లేపింది. నా దిక్కు సూసి దించింది. గట్ల శానాసార్లు లేపింది, దించింది.

నిరుడు మాపటిపూట మల్లిక ఉరుక్కుంట వచ్చి, ఎవరు అడగకముందే, "అమ్మా, నేను ఏమరిచిన. మన గొర్లు పక్కోళ్ళ పత్తి మేసినయి" అన్నది. నేను అరుగు మీదనే ఉన్న. సుజాత నా దిక్కు సూడలే. కొంగు నడుముకు చెక్కి, "పద, వాళ్ళకు మనమే పోయి చెప్పుదం" అన్నది. ఇద్దరు పోయిండ్రు.

గంతే బిడ్డా. తప్పు చేసినా నీ బిడ్డ ముందుగాల నీ తానికే ఉరికొచ్చేటట్టు బతుకు. సల్లగుండుండ్రి, ఇద్దరు...