యాభై ఏళ్ల మొక్కు

"నాన్నా, నా మీద ఒట్టు. నిజం చెప్పు. డాక్టరు ఎన్ని నెలలన్నాడు?"

మే నెల, ఆదివారం మధ్యాహ్నం. పెరట్లో కొబ్బరి డొక్కల గుట్ట వెనక, బోర్లించిన బకెట్టు మీద నక్కి కూర్చున్న తండ్రి అన్సెల్మోని మెర్లిండా పట్టుకుంది. సాయంత్రానికి ఆయన యాభయ్యో పెళ్లిరోజు పండుగ.

"ఏ డాక్టరే?"

"చూశావా, ఏమీ తెలీనట్టు! పిల్లకి సెలవులిచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. అన్నం సగంలో వదిలేస్తావు. డాలిని వెంటేసుకుని ఈ గుట్ట వెనక్కొస్తావు. నా అడుగు వినబడితే ఇద్దరూ గప్‌చుప్. నిన్న దాన్ని నిలదీస్తే ఏమందో తెలుసా? 'తాతయ్య వల్ల కాదట. ఆయన పాట ఇక నేనే పాడాలట' అంది."

"అలా వాగిందా? ఎవరికీ చెప్పనని పచ్చి మామిడికాయ మీద ఒట్టేసింది."

"మామిడికాయ మీద ఒట్టేంటి నాన్నా!"

"రొయ్యల పచ్చడి నంజుకుంటూ వేసిందిలే. అందుకే నిలవలేదు."

"నవ్వించకు. గొంతులోనేనా గడ్డ? క్రిస్పులో పెదనాన్నకీ ముందు గొంతే బొంగురుపోయింది. 'చల్లనీళ్లు తాగానులే' అన్నాడు. పోయిన వానల్లో చూస్తే..."

"వాడి మాటెత్తకు. ఆ వెధవ బతికుంటే నాకీ గతి పట్టేదా?"

"గతి అంటున్నావు! యేసు, మేరీ, యోసేపూ! నాకు తెలుసు. నిన్న రాత్రి నల్ల సీతాకోకచిలుక నీ మంచం మీదే వాలింది. అది వాలిన ఇంట్లో చావేనంటారు, అప్పుడే అనుకున్నాను."

"లిండా. అమ్మలూ. అటు ఇటు చూసి, ఇలా కూర్చో. అమ్మ రావడం లేదుగా?"

"వంటింట్లో ఉంది."

"నాకే రోగమూ లేదు. నాకు పాట రాదు."

"ఏంటీ?"

"పాట రాదే. పాడటం చేతకాదు. నేను నోరు తెరిస్తే పక్కింటి కుక్క లేచి వీధిలోకి పోతుంది."

"నువ్వా? నువ్వు! అమ్మ కిటికీ కింద నువ్వు పాడిన పాట గురించి ఊరంతా ఇప్పటికీ చెప్పుకుంటుంటే... మొన్న డాలి, 'అమ్మమ్మా, నీకు అన్నిటికన్నా ఇష్టమైన పాటేది?' అంటే అమ్మ ఏమంది? 'మీ తాతయ్య పాడిన పాట. దాని తర్వాత ఇంకే పాటా నా చెవికెక్కలేదు' అంది. కొంగుతో కళ్లు కూడా ఒత్తుకుంది!"

"చూశాను. అక్కడే నా ప్రాణం సగం పోయింది."

"మరి ఆ రోజు పాడిందెవరు?"

"క్రిస్పులో."

"పెదనాన్నా!"

"అరవకే! కోళ్లు బెదురుతున్నాయి. అప్పట్లో అందరూ చేసిన పనే. పిల్ల నచ్చితే కిటికీ కింద పాడి అడగాలి. గొంతు లేనివాడు గొంతున్న స్నేహితుణ్ణి తోడు తెచ్చుకునేవాడు. తెల్లారాక, 'పాడింది వీడు, అడిగింది నేను' అని చెప్పేసేవాడు. పిల్ల నవ్వేది, పిల్ల తండ్రి నవ్వేవాడు. అందులో తప్పేముంది?"

"నువ్వు చెప్పావా మరి తెల్లారాక?"

"అదొక్కటే... కుదర్లేదు."

"నాన్నా!"

"ఇదే ఇల్లు, మీ అమ్మ పుట్టిల్లు. నేను గిటారు పట్టుకుని వెన్నెల్లో నిలబడ్డాను. వాడు ఆ జామచెట్టు వెనక. నేను పెదాలు కదిపాను, అంతే. పాట అయ్యాక చెప్పేద్దామనుకున్నాను. లిండా, అమ్మతోడు, చెప్పేద్దామనే అనుకున్నాను. అంతలో గవ్వ పలకల కిటికీ తలుపు పక్కకి జరిగింది. దీపం వెలిగింది. మీ అమ్మ జవాబు పాడింది."

"ఊఁ."

"ఊఁ కాదు. నువ్వు వినలేదు గనక ఊఁ అంటున్నావు. ఆ గొంతు... జామచెట్టు వెనక క్రిస్పులోగాడు ఊపిరి పీల్చడం మానేశాడు. అలా పాడే పిల్లతో, నాకు పాట రాదమ్మా అని ఏ నోటితో చెప్పను? రేపు చెబుదామనుకున్నా. పెళ్లయ్యాక అనుకున్నా. అంతలో నువ్వు పుట్టావు."

"మధ్యలో నేనేం చేశాను!"

"పాలకేడిచావు. కానీ మాటలు మాత్రం నావే. ప్రతి ముక్కా నాదే. పదకొండు రోజులు పడవ నీడలో కూర్చుని రాశాను. గొంతొక్కటే వాడిది."

"మరి ఆ మొక్కు? ఈ పిల్ల ఒప్పుకుంటే ఇక జన్మలో పాడనని పునీత అంతోనివారికి మొక్కానన్నావే?"

"ఇన్నేళ్లూ నన్ను కాపాడింది ఆ మొక్కే. చర్చి పూజలో ఊరంతా పాడుతుంటే నేను నోరు బిగించుకుని నిలబడితే, 'ఎంత నిష్ఠ, ఎంత నిష్ఠ' అనేవాళ్లు."

"అబద్ధపు మొక్కా? పునీతుడి పేరు మీద? అందుకేనన్నమాట ఆ ఏడు తుపానులో మన కప్పే లేచిపోయింది! అందుకేనన్నమాట నాకు ఏటా దగ్గు!"

"నీ దగ్గు ఐస్ ముక్కల వల్ల. అసలు చేసిందంతా నీ కూతురు. సెలవుల్లో పిల్లలు గాలిపటాలెగరేస్తారు, సముద్రంలో మునుగుతారు. ఇది నేరుగా ఫాదర్ దగ్గరికి పోయి, 'యాభై ఏళ్లయిందిగా, మా తాతయ్య మొక్కు విప్పెయ్యండి' అని అడిగింది. ఆయనైనా ఊరుకోవచ్చుగా? నిండు పూజలో నన్ను ముందుకు పిలిచి, నెత్తిన చెయ్యిపెట్టి విప్పేశాడు. జనం చప్పట్లు! 'ఆదివారం సాయంత్రం, అదే కిటికీ, అదే పాట' అని వాళ్లే ఖాయం చేసేశారు. నలభై మంది వస్తారు."

"అరవై. నూడుల్స్ నానబెట్టింది నేనేగా. అయితే డాలికి నేర్పిన పాట..."

"జామచెట్టు ఇంకా అక్కడే ఉందిగా."

"నాన్నా! పదేళ్ల ఆడపిల్ల గొంతు, డెబ్భై ఆరేళ్ల మగాడి నోట్లోంచా?"

"వయసుతో గొంతు సన్నబడిందంటాను."

"అంత సన్నగానా!"

"మీ అమ్మకి ఎడమ చెవి సరిగ్గా వినపడదు. ఆ పక్కనే నిలబడతాను."

"మిగతా అరవై మందికి నూట ఇరవై చెవులున్నాయి! వద్దు నాన్నా, అమ్మకి చెప్పెయ్. ఇప్పుడే."

"నువ్వు చెప్పు."

"నేనా? వినగానే గుండె పట్టుకుని పడిపోతే? సలసలా కాగుతున్న నూనె ముందు ఉంది! పడకపోయినా, బట్టలు సర్దుకుని పట్నంలో ఫెలీసా పెద్దమ్మ దగ్గరికి పోతే? 'నేను ఒప్పుకున్నది క్రిస్పులో గొంతుకి, నీకు కాదు' అంటే?"

అన్సెల్మో గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు.

"నాన్నా? ఏదో మాటవరసకన్నాను. నాన్నా, గుండె నొప్పా?"

"కాదే. యాభై ఏళ్లుగా నేను రోజూ అనుకుంటున్న మాట అదే. పక్కవాడి నోటి నుంచి వింటే వేరేలా ఉంది."

"అయ్యో, నాన్నా."

"వాడు మీ పెద్దమ్మ వెంటపడి, ఆవిణ్ణే చేసుకుని నాకు తోడల్లుడైనప్పుడు గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఆ గొంతు ఇంకో కిటికీకి పోయింది కదా అని. ఏమాటకామాటే, వాళ్లిద్దరి ఇంట్లో పొద్దస్తమానం పాటే. మన ఇంట్లోనే... పద, పద. మీ అమ్మ పిలుస్తోంది. నేనిక్కడ లేను."

వంటింట్లో తల్లి పసీటా నూడుల్స్ వారుస్తోంది. పొయ్యి పక్కన డాలి ఉల్లిపాయలు ఒలుస్తూ కూనిరాగం తీస్తోంది. మెర్లిండా గుమ్మంలోనే ఆగిపోయింది.

"డాలీ! పొయ్యి ముందు పాడకు! పెళ్లాం పోయిన ముసలాడు మొగుడవుతాడు!"

"అమ్మమ్మ అందుకేనా అమ్మా ఎప్పుడూ పాడదు?"

"అందుకే," అంది పసీటా.

"అమ్మమ్మకి పెళ్లయిపోయి యాభై ఏళ్లయిందిగా. ఇంకా భయమేంటి?"

"ఏయ్ పిల్లా, ఉల్లిపాయలు ఒలవమంటే ప్రశ్నలు ఒలుస్తావేం? లిండా, మీ నాన్నేడే?"

"పెరట్లో... ఉన్నాడమ్మా."

"గొంతు సవరించుకుంటున్నాడా?"

"ఆఁ. సవరించుకుంటున్నాడు."

"బాగానే ఉందా గొంతు?"

"ఎందుకలా అడుగుతున్నావు? బాగానే... అంటే, కాస్త... అమ్మా, ముందు ఆ నూనె దించు. దించావా? ఆ పీట మీద కూర్చో. ఒకవేళ, ఊరికే అంటున్నాను, నాన్న ఈ రోజు పాడకపోతే?"

"పాడడా?"

"అయ్యో, కంగారుపడకు! గాలి పీల్చుకో!"

"పాడనన్నాడా? నిజంగా? ఒంట్లో బాలేదన్నాడా? అయితే బలవంతం చెయ్యకు. మానేద్దాం. నూడుల్స్ తిని ఇళ్లకు పొమ్మందాం."

"మానేద్దామా? నువ్వేనా ఆ మాటంటున్నది? నీకు బాధ లేదూ?"

"బాధెందుకే? ఈ వయసులో కిటికీలో నిలబడటమేంటి, చలిగాలి."

"మే నెలలో చలిగాలా!"

"కిటికీ కూడా బిగుసుకుపోయింది. జరగదు. జరిపితే గవ్వ పలకలు ఊడి ఎవడి నెత్తినైనా పడొచ్చు. నీకే కదా అలాంటి భయాలు? నువ్వే వద్దని చెప్పు."

"పడొచ్చు... అవును, నిజమే, పడొచ్చు. అమ్మా, ఆగు. నా కళ్లలోకి చూడు. నీకు తెలిసిపోయింది కదూ?"

"ఏం తెలిసింది? ఎవరు చెప్పారు? ఫెలీసా అక్క ఫోన్ చేసిందా?"

"పెద్దమ్మెందుకు చేస్తుంది?"

"ఏమో. చెయ్యదు. ఎందుకు చేస్తుంది? మొగుడు పోయిన దగ్గర్నుంచీ అక్క నోరే విప్పడం లేదు, పాపం. కూనిరాగం కూడా తియ్యడం లేదట. ఏయ్ ఏయ్, ఆ నూడుల్స్ తెంపకు! ఆయుష్షు తెగుతుంది!"

"అయ్యో! తెగిందా? అమ్మా, ఒకటి తెగింది! ఎవరికవుతుంది ఇప్పుడు?"

"ఎవరికీ కాదు. అది కోడికి వేసెయ్. డాలీ, నువ్వు లేచి మేడమీద కిటికీ గది ఊడ్చిరా."

"పొద్దున్నే ఊడ్చానుగా అమ్మమ్మా?"

"మళ్లీ ఊడువు."

"మొన్నటిలాగా ఊడవనా? తలుపు గడియేసుకుని?"

"తలుపు గడియేసుకుని ఊడవడమేంటి? అమ్మా, ఏంటది?"

"దుమ్ము బయటికి రాకుండా. నేను కొబ్బరిపాలు తీసుకొస్తాను. తల్లీకూతుళ్లు నోళ్లు మూసుకుని పని చూడండి."

పసీటా అటు వెళ్లగానే మెర్లిండా కూతురి జబ్బ పట్టుకుంది.

"డాలీ, నిజం చెప్పు. తాతయ్య సంగతి అమ్మమ్మకి చెప్పేశావా?"

"లేదు! పచ్చి మామిడికాయ మీద ఒట్టు."

"ఆ ఒట్టు సంగతి నాకు తెలుసు. అమ్మమ్మకి తెలిసిపోయింది. మొహం చూస్తేనే తెలుస్తోంది. తెల్లగా పాలిపోయింది. ఈ రాత్రికి ఈ ఇల్లు రెండు ముక్కలవుతుంది. నువ్వా చెట్టు వెనక్కి వెళ్లొద్దు."

"వెళ్లకపోతే ఎలా? తాతయ్య ఏడుస్తాడమ్మా."

"ఏడుస్తాడా?"

"రోజూ పాట నేర్పుతూ మధ్యలో ఆగిపోతాడు. 'ఇంత మంచి మాటలు రాశాను, మీ అమ్మమ్మకి ఒక్కసారైనా నా నోటితో వినిపించలేదే' అంటాడు. 'నువ్వే పాడు తాతయ్యా' అంటే, పాడాడు. నిజంగానే కుక్క వెళ్లిపోయింది."

"మేరీమాతా. సరే, నువ్వే పాడు. కానీ అమ్మమ్మకి మాత్రం..."

"అమ్మమ్మకి తాతయ్య సంగతి చెప్పను. తాతయ్యకి అమ్మమ్మ సంగతి చెప్పను. ఇద్దరి దగ్గరా ఒట్టేశాను."

"అమ్మమ్మ సంగతేంటి?"

"ఒట్టేశానంటున్నాగా."

"దేని మీద?"

"బెల్లం, కొబ్బరి వేసి ఆకులో చుట్టిన అన్నం మీద."

"తిన్నావా?"

"నాలుగు."

"అయితే ఆ ఒట్టు కూడా అరిగిపోయినట్టే. చెప్పు. అమ్మమ్మకేమైంది? డాక్టరేమన్నాడు?"

"ఏ డాక్టరమ్మా? ఆ రోజు కిటికీలో దీపం పట్టుకుని పెదాలు కదిపింది అమ్మమ్మేనట. తలుపు వెనక నిలబడి పాడింది ఫెలీసా అమ్మమ్మట. 'అంత బాగా పాడిన అబ్బాయికి నాకు పాట రాదని ఎలా చెప్పనే' అంది."

"డాలీ..."

"అమ్మా, నువ్వేడవకు గానీ నాకొక సాయం చెయ్యి. తాతయ్య పాట అవ్వగానే చప్పట్లు కాస్త ఎక్కువసేపు కొట్టించవా? జామచెట్టు దగ్గర్నుంచి అమ్మమ్మ జవాబుకి కిటికీ గది తలుపు వెనక్కి రావాలంటే పదహారు మెట్లెక్కాలి."