కొలత తప్పని పుణ్యవతమ్మ

ఏంది బిడ్డా, మీ నాయినమ్మ ఎట్లుండెనో చెప్పాల్నా. ఎట్లుండుడేంది, నీ లెక్కనే ఉండె, గా ముక్కు గట్లనే, గా మొండితనం గట్లనే. కూసో, గా పీట గుంజుకో. నేను ఈ చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంట చెప్త, నువ్వు గూడ ఓ పిడికెడు తీస్కో. చేతులు ఊకె ఉంటె నాకు మాట రాదు. మీ నాయినమ్మదీ గదే గుణం. ఊకె కూసున్న మనిషిని చూస్తె ఆమె పానం గిజగిజలాడేది. తణుకు దిక్కుకెళ్ళి వచ్చిన్రు మీవోళ్ళు, మా పైపోర్షన్ల కిరాయికి. మీ నాయిన అవినాషుకు హైటెక్ సిటీల కొలువు, కొత్తగ లగ్గమైంది. మీ తాత బుల్లిబాబు సర్కారు ఆఫీసుల రిటైరై, మీ నాయినమ్మ పుణ్యవతమ్మ బడిల కుట్లు అల్లికల టీచరమ్మగ రిటైరై, కొడుకు కాడ ఉందామని వచ్చిన్రు. నిజాంపేటల అప్పటికింక మాకు రెండు బర్రెలుండె, ఇప్పుడు ఆ కొట్టం జాగల హాస్టలు లేసింది, చూసినవు గద. సామాను దింపిన దినమే మా బర్రె గేటుకు అడ్డం నిలవడ్డది. ఈమె దాని ముందటికి పోయి "కాస్త అటు జరగండి" అన్నది. బర్రెను. నేను కొంగు నోట్ల కుక్కుకొని "అమ్మా, దానికి అండి అవసరం లేదు" అన్న. "అలవాటైపోయిందండీ" అన్నది. అది గూడ నిజంగనే జరిగింది, మర్యాద జూసి. గా దినంకెళ్ళి మాకు దోస్తీ.

ఆఁ, దుప్పటి ముచ్చట. వస్తున్న, జర ఆగు. నువ్వు అప్పుడు మీ అమ్మ కడుపుల ఉన్నవు. నువ్వు పుట్టెవరకు ఊలు దుప్పటి తయారుగావాలె అని ఆమె పట్టు. బువ్వ తిన్నంక రోజూ గీ వరండల కూసునేటోళ్ళం, ఆమె, నేను, పక్క గల్లీ విమల. విమల అంటె నర్సమ్మ, ప్రైవేటు దవాఖానల చేసేది, ఆదివారం చర్చి అయినంక సీదా ఈడికే వచ్చేది. మీ నాయినమ్మ మాకు ఒక్కొక్క కొక్కెం సూది ఇచ్చి క్రోషా నేర్పింది. "దీన్ని గ్రానీ స్క్వేరు అంటారండీ. నడుమనుంచి మొదలెట్టి చుట్టూ అల్లుకుంటూ పోతే నాలుగు మూలలూ అవే తేలతాయి" అన్నది. గ్రానీ అంటె ఏందమ్మా అన్న. మామ్మ అన్నది. ఓ, ముసలవ్వ గడి అన్న. గంతె, మాకు అవి ముసలవ్వ గడులే అయినయి. ఒక గడి తీరు ఇంకో గడికి ఉండొద్దు. ఒకదాంట్ల పువ్వు, ఒకదాంట్ల చుక్క, ఒకటి కిటికీ జాలి లెక్క, ఒకటి బుడిపెలు బుడిపెలు. "డిజైను మీ ఇష్టమండీ, కొలత మాత్రం నా ఇష్టం" అనేది. మిఠాయి డబ్బా మూతను చదరంగ కత్తిరించి దగ్గర వెట్టుకున్నది. గడి ఐనంక ఆ అట్ట మీద పరిచి చూసేది. అంచు దాటిందా, తక్కువైందా, ఇగ అయిపాయె. "చాలా బాగుందండీ లక్ష్మమ్మగారూ" అంటది, అనుకుంటనే దారం కొస వట్టి గుంజుతది, సర్రుమని మొత్తం ఊడి ఊలయి కూసుంటది. మాట ఎంత మెత్తగుంటె గుంజుడు అంత జోరు. నా చెయ్యి లూజు, నేనల్లితె గడి చాపలెక్క పారేది. విమల చెయ్యి బిగువు, ఇంజక్షన్లిచ్చే చెయ్యి గద, ఆమె గడి అప్పడమంత వచ్చేది. ఇద్దరివీ రోజూ ఊడగొట్టేది. ఒకసారి నాకు ఏడుపొచ్చి "అమ్మా, పుట్టెడిది పిల్లనా, ఇంజనీరా" అని అడిగిన. నవ్వి ఇంకొంచెం ఊడగొట్టింది.

గా దినాలు ఎసొంటియంటె, సకల జనుల సమ్మె నడుస్తుండె. బస్సుల్లేవు, బడుల్లేవు. మా ఇంటి మీద తెలంగాణ జెండా, పైపోర్షన్ల మీ తాత. ఆయన పొద్దున లేస్తె టీవీ ముందట. మా లీడర్లు కనవడితె తిట్టేటోడు, వాళ్ళ లీడర్లు కనవడితె గట్టిగ మాట్లాడతలేరని వాళ్ళనూ తిట్టేటోడు. కిందికి ఇనొస్తుండె అన్నీ. మీ నాయినమ్మకు ఏ దిక్కూ లేదు అనుడు తప్పు. ఆమెకు గూడ రాష్ట్రం ఇడిపోవద్దనే ఉండె. నాకెరుకే. నాకెరుకైన సంగతి ఆమెకెరుకే. గని వరండల ఊలు ముచ్చట దప్ప ఇంకోటి రాకుండ ఇద్దరం జాగ్రత్తగ ఉండేటోళ్ళం. ఇగ విమల మొగుడు దేవరాజు. ఆయన సర్కారు బడిల డ్రిల్లు సారు, మా దిక్కు ఉద్యమానికి ఆయననే పెద్ద. బడి బందైంది, మెడల విజిలున్నది, ఊదుదామంటె పిల్లలు లేరు. అందుకని మమ్ముల్ని వట్టుకున్నడు. చౌరస్తల టెంటేసి రోజుకింతమందిని నిరాహార దీక్షల కూసోవెట్టేటోడు. పొద్దున దండ, పొద్దుమీకి నిమ్మరసం. నడిమిట్ల రోడ్డు మీద వంటలు చేసినం, కబడ్డి ఆడినం, బట్టలుతికినం, మంగలి లింగయ్యను పిలిచి నడి రోడ్డు మీద గడ్డాలు గూడ గీయించిండు. ఎన్ని జేసినా టీవీ వాళ్ళు కూకట్‌పల్లి దాంక వచ్చి అటే వాపసు పోవుడు. సారు మస్తు పరేషానైండు. ఒకనాడు పెండ్లాం చేతిల గడి జూసిండు. జూసి లేచి నిలవడ్డడంట. "ఊలుతోని తెలంగాణ పటం అల్లుదాం. ఆడోళ్ళు రోడ్డు మీద కూసోని అల్లుతరు. ఎట్ల రారో చూస్త టీవీ వాళ్ళు" అన్నడంట.

నేను, విమల మాస్టర్లం. మాకచ్చిన ఇద్య గల్లీ ఆడోళ్ళందరికి నేర్పినం. పాత స్వెటర్లు, మఫ్లర్లు ఇప్పి ఎవరి రంగుల వాళ్ళు అల్లుకొచ్చిన్రు. అట్టముక్క సంగతి మేమిద్దరం పానం మీదికి తెచ్చుకోలే. పీడ పోయిందనుకున్నం. తెల్లారి టెంట్ల జంపఖానా మీద పరిస్తె ఏమున్నది. ఒకామెది దస్తీ అంత, ఒకామెది పూరీ అంత. కలిపి కుడితె ఆదిలాబాద్ మీదికి ఖమ్మం ఎక్కి కూసున్నది, పాలమూరు తోకలెక్క వేలాడవట్టింది. దేవరాజు సారు దూరం జరిగి చూసి, ఇంకింత దూరం జరిగి చూసి, విజిల్ ఊదిండు. "గిదేందమ్మా, మేక లెక్కున్నది. మేకకు రాష్ట్రం అడుగుతున్నమా మనం" అన్నడు. పగటి యాల్లకు టీవీ వాళ్ళు వస్తమన్నరంట. నేను ఇంటికి ఉరికొచ్చిన. మీ నాయినమ్మ చారు పోపు వేస్తున్నది. ముచ్చట చెప్తె "మీ ఉద్యమం మీదండీ, నన్ను కలపకండి" అన్నది. సరే అని మళ్ళిన. వెనక నుంచి "కొలత ఎంత పెట్టారు?" అన్నది. కొలతేం పెట్టలేదమ్మా, ఎవరికచ్చినట్టు వాళ్ళల్లిన్రు అన్న. ఎవరో దగ్గరోళ్ళు పోయిన్రని ఇన్నట్టు కండ్లు మూసుకున్నది. పొయ్యి బందు వెట్టి, అట్టముక్క సంచిల ఏసుకొని, లోపలికి తొంగి చూసి "ఏవండీ, కొత్తిమీరకెళ్ళొస్తా" అన్నది.

టెంటుకు పోయినంక ఆమె సంచిలకెళ్ళి అట్టముక్క తీసింది. ఒక్కొక్క గడి అట్ట మీద పరుచుడు, "చాలా బాగుందండీ" అనుడు, సర్రున గుంజుడు. ఆదిలాబాదు పోయింది, మెదకు పోయింది, నల్లగొండ ఊడి ఉండయింది. దేవరాజు సారు నెత్తి వట్టుకున్నడు. "అమ్మా, ఉన్నది గూడ పోగొడ్తున్నవు" అన్నడు. "మీరు కాస్త అవతల నిలబడండి మాస్టారూ, వెలుతురుకు అడ్డం" అన్నది. ఆయన జరిగిండు మా బర్రె లెక్కనే. మళ్ళ అందరితోని అల్లిపిచ్చింది, అంచు అంచు కలిపి కుట్టిపిచ్చింది. నిజం చెప్తున్న, పటం తయారైతుంటె మేం సూదులు పక్కన వెట్టి చూసుడే. గా నడిమిట్ల సారు వరుసల కూసున్నోళ్ళకు దండలేసుకుంట వచ్చి ఈమెకు గూడ ఏసిండు. తల ఎత్తకుండ ఏసిండు ఆయన, తల ఎత్తకుండ ఏపిచ్చుకున్నది ఈమె. చాయ వచ్చింది, చెయ్యి చాపింది. "దీక్షల ఉన్నోళ్ళు తాగొద్దమ్మా" అన్నడు చాయ పిలగాడు. "ఏ దీక్షండీ?" అన్నది. అప్పుడే టీవీ వాళ్ళు దిగిన్రు. మైకు తెచ్చి సీదా ఈమె ముందట వెట్టి "అమ్మా, మీరేమంటరు, కలిసుండాల్నా, ఇడిపోవాల్నా" అని అడిగిన్రు. ఆమె చేతిల రెండు గడులున్నయి, చూపు వాటి మీదనే. "బలవంతంగా లాగి కలిపితే నిలవదు బాబూ. ముడతలు పడతాయి, ఎక్కడో చోట పిగిలిపోద్ది. ఎవరి ముక్క వాళ్ళు సరిగ్గా అల్లుకోనివ్వండి ముందు" అన్నది. టెంటంత చప్పట్లు. సారు విజిల్ ఊదుతనే ఉన్నడు. అది టీవీల లైవు. ఈమె ఏమన్నదో ఈమెకే తెల్వదు.

మీ తాత చూసిండు గద ఇంట్ల. ఉరికొచ్చిండు. లుంగీ, బనీను, కాళ్ళకు రెండు రెండు తీర్ల చెప్పులు. అంతమంది ముందట పెండ్లాం మీద అరవలేడు, ఊకుండలేడు. మొఖం ఎర్రగైంది. దండ దిక్కు చూసిండు, పటం దిక్కు చూసిండు, ఆఖరికి "కొత్తిమీర ఏది?" అన్నడు. "అయిపోయిందటండీ" అన్నది. దేవరాజు సారు వెనక నుంచి వచ్చి, ఈయన గూడ మద్దతుకు వచ్చిండని మెడల ఇంకో దండ ఏసిండు. టీవీ ఆయన అది గూడ కెమెరాల తీసిండు. గా పొద్దుమీకి వాన దంచికొట్టి టెంటు కూలింది. అందరు తలా ఓ దిక్కు ఉరికితె, పటాన్ని గోనెసంచిల చుట్టి మేమిద్దరం ఇంటికి మోసుకొచ్చినం. పైన ఫోన్లు మోగుతనే ఉన్నయి. తణుకుకెళ్ళి చుట్టాలు, ఆయన ఆఫీసు దోస్తులు. "బుల్లిబాబూ, అక్కడికెళ్ళి పార్టీ మార్చేశావంట గదా" అని. నీకు నవ్వొస్తున్నది గని అప్పుడు నవ్వులాట గాదు బిడ్డా. ఆయన ఇల్లు ఖాళీ చేస్తమన్నడు. ప్రగతి నగర్ల ఆయన దోస్తున్నడు, ఆడికి పోయి ఇల్లు గూడ చూసిండంట. మీ నాయిన చెప్పినా ఇనలే. నా మూలంగనే ఆమె టెంటుకు వచ్చింది గద. మీ నాయినమ్మ మాత్రం కొట్లాడలే, ఏడ్వలే. "మీరు వెళ్ళండి. నేను దుప్పటయ్యాక వస్తాను" అన్నది. ఆయన సంచి సదురుకొని పోయిండు. పోయినోడు బీపీ గోలీలు మర్చిపోయిండు. ఆటోలు బందు. ప్రగతి నగర్ చెరువు గట్టు వట్టుకొని కాళ్ళీడ్చుకుంట ఎనకకు వచ్చిండు. ఈమె గోలీ చేతిల వెట్టి, చారు పోసి బువ్వ వెట్టింది. ఇల్లు ఖాళీ చేసే ముచ్చట మళ్ళ తీయలే ఆయన.

ఇగ దుప్పటి చూస్తె సగమే అయింది. దుకాణాలు బందు, ఊలు దొరకదు, మీ అమ్మకు నెలలు నిండినయి. ఒకనాడు ఈమె గోనెసంచి ముందటేసుకొని పటం కుట్లు మెల్లగ తెంపవట్టింది. అమ్మా, అది తెలంగాణ అన్న. "తెలంగాణ ఎక్కడికీ పోదండీ. కొలత ఒకటే కదా, ఏ ఆకారమైనా అవుద్ది" అన్నది. కూసోని ఇద్దరం కుట్టినం. కుట్టుకుంట కుట్టుకుంట నాకు కోపం గూడ పోయింది. "మీ అన్నయ్యగారికి చెప్పకండి" అన్నది. మీ తాతకు చెప్పను, మరి దేవరాజు సారుకో అన్న. "ఆయనకీ వద్దు. అడిగితే ఉతికి ఆరేశామనండి" అన్నది. నువ్వు పుట్టినవు. మీ తాత నిన్ను అండ్లనే చుట్టుకొని గల్లీ గల్లీ తిప్పిండు, ప్రగతి నగర్ దోస్తు ఇంటికి గూడ తీస్కపోయిండు, మా ఆవిడ అల్లిందని చూపెట్టిండు. నేను, విమల ఒకళ్ళ మొఖం ఒకళ్ళం చూడకపోయేటోళ్ళం.

తెలంగాణ వచ్చినంక బయటవడ్డది. ఊరేగింపు తీస్తమని దేవరాజు సారు బ్యాండోళ్ళను వెంటేసుకొని గేటు ముందటికి వచ్చిండు. "అమ్మా, మనం అల్లిన పటం తీయి, ముందట వట్టుకొని నడుస్తం" అన్నడు. మీ తాత గీడనే కూసున్నడు, నువ్వు దుప్పటి మీద పండుకున్నవు ఆయన ఒళ్ళె. "ఏ పటం?" అన్నడు. మీ నాయినమ్మ దుప్పటి దిక్కు చూసింది. ఆయన గూడ చూసిండు. చూసుకుంట చూసుకుంట ఒక్కొక్క గడి వేలుతోని తడిమిండు. సారుకు సమజై దుప్పటి కొస వట్టుకున్నడు. నువ్వు లేచి ఆయన చెయ్యి కొరికినవు. అవును, నువ్వే. మీ తాత దుప్పటిని గట్టిగ పొదివి వట్టుకొని "ఇది మా పిల్లదండీ. తెలంగాణ తెచ్చుకున్నారుగా, ఇది మాత్రం ఇచ్చేది లేదు" అన్నడు. సారు చెయ్యి రుద్దుకుంట నవ్విండు, బ్యాండోళ్ళను కొట్టుమన్నడు. మీ తాత ఆమెను ఒక్కటే మాట అడిగిండు. "రోడ్డు మీద దుమ్మంతా పట్టుంటుంది, ఉతికావా?" అని.

ఎక్కువ రోజులుండలే ఆమె. మరుసటేడు చలికాలంల గుండెనొప్పి వచ్చి, దవాఖానకు తీస్కపోయేవరకే అయిపోయింది. మీవోళ్ళు లింగంపల్లి దిక్కు మారుతున్నరనంగ, ఒకనాడు బువ్వ తిన్నంక మీ తాత మెట్లు దిగొచ్చి గీ వరండల కూసున్నడు. ఎన్నడు కూసోనోడు. "లక్ష్మమ్మగారూ, రోజూ ఇంతింతసేపు కూర్చునేవారు కదా, ఆవిడ మీతో ఏం మాట్లాడేదండీ?" అని అడిగిండు. మీరు టీవీ సౌండు తగ్గియ్యరని తిట్టేది అన్న. నవ్విండు. "ఇంకా?" అన్నడు. చారుల ఉప్పు తక్కువైనా తినేస్తరు, చెప్పరు అనేది అన్న. "ఇంకా?" అన్నడు. ఇగ నేను యాదికున్నయన్నీ చెప్పుకుంట పోయిన, లేనియి గూడ కొన్ని కలిపిన. పొద్దుగూకినా ఇంకా అంటనే ఉన్నడు...

గా కాయ పుచ్చింది, చూస్తలేవా, అవతల పారెయ్. లేచి లైటెయ్యి పో.