పిట్ట ముట్టని విస్తరి

పశువుల దవాఖానలో, బల్ల మీద పడుకోబెట్టిన కుక్క కాళ్లు పట్టుకుని ఆమె నిలబడింది. డాక్టరమ్మ వేళ్లతో దాని కడుపు తడిమింది.

“దొడ్డికి పోక ఎన్ని దినాలైంది పెద్దమ్మా?”

“ఐదు దినాలు. పొద్దంత ముక్కుతాంది. ఇయ్యాల నెత్తురు చుక్క పడ్డది.”

“కడుపు రాయి లెక్క ఉన్నది. ఏం పెట్టినవ్?”

“పాలు, బువ్వ.”

“పాలు, బువ్వకు గిట్ల కాదు. నిజం చెప్పకుంటే దీని పాణం పోతది.”



“బొక్కలు పెట్టిన బిడ్డా. రోజు మటన్ దుకాణం కాడికి పోయి తెచ్చిన.”

“రోజా? ఎందుకట్ల?”

“మా ఆయన పోయిన మూడో దినం కూర, కల్లు పెడితే పిట్ట ముట్టలే. ఎంత మొక్కినా రాలే. మా ఇంటి కుక్క, గిదొచ్చి విస్తరంత నాకింది. బొక్కలంటే ఆయనకు పాణం. ఆయనే వచ్చిండనుకున్న.”

డాక్టరమ్మ ఎనిమా గొట్టం చేతికి తీసుకుంది.

“ఎనిమా ఇస్త. బొక్కల ముద్ద కదిలితే మంచిదే. లేకుంటే నల్లగొండల ఆపరేషన్ చేపియ్యాలె.”

“ఏదన్న చెయ్యి బిడ్డా. ఇది గూడ నా కండ్ల ముందు పోవద్దు.”

“బెదిరి గుంజుకుంటాంది. తల పట్టుకొని పేరు పెట్టి పిలువు.”

“దీనికి పేరున్నది గని, ఇరవై దినాల సంది ఆ పేరుతోని పిలుస్తలే. మొగన్ని పేరు పెట్టి పిలుస్తమా?”

“నొప్పి గీ కుక్కది పెద్దమ్మా, ఆయనది కాదు.”

గొట్టం లోపలికి పోగానే కుక్క మూలిగింది. ఆమె దాని నుదుటికి నుదురు ఆనించింది. పిలిస్తే ఆయన మళ్లీ పోతాడు. పిలవకపోతే ఇది పోతుంది.

“మోతీ,” అంది చివరికి. “జర ఓర్చుకోరా, మోతీ.”